సిస్టరమ్మ గురువారాలు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, కామారెడ్డిలో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో పెండ్లి పత్రికలు మడతపెడుతున్నాను. ఫోను మోగింది. తెర మీద 'సిస్టరమ్మ' అని ఉంది. ఎత్తుతూనే, "చెప్పుండ్రి సిస్టరమ్మా, దగ్గు తగ్గిందా?" అన్నాను. అవతల మగగొంతు. ఎల్లారెడ్డిలో ఆమెతోపాటు ఉండే తమ్ముడు.

"అక్క పోయిందమ్మా. పొద్దుగాల చాయ్‌కి లేపితె లేవలే. గుండె ఆగింది అన్నరు" అన్నాడు.

నేను సరే అన్నాను. అలాంటి మాటకు సరే అంటారా ఎవరైనా? చేతిలో ఉన్న పత్రికను మడతపెట్టాను, విప్పాను, మళ్లీ మడతపెట్టాను. మా ప్రెస్ నడిపే అన్న వచ్చి నా చేతిలోంచి అది తీసుకునేదాకా అదే పని.

ఆమె మీలో చాలామందికి తెలియదు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో, పోచారం అడవి అంచుదాకా, ముప్పై ఏళ్లు ప్రభుత్వ నర్సుగా పనిచేసింది. అందరికీ సిస్టరమ్మే. ఉద్యోగం అయిపోయాక ఒక పని పెట్టుకుంది. కడుపు పోయిన ఆడవాళ్లతో ఫోనులో మాట్లాడేది. నెల తప్పిన కొత్తలోనే పోయినవాళ్లు, ఏడో నెలలో పోయినవాళ్లు, పుట్టి ఏడవకుండానే పోయిన బిడ్డల తల్లులు. ఎవరి పేరూ అడిగేది కాదు. ఎవరికీ తన పేరు చెప్పేది కాదు. నేను ఆ పనిలో ఆమెకు తోడుగా ఉన్నది రెండేళ్లు.

మొదటిసారి చూసింది మా ప్రెస్సులోనే. దారంతో కట్టిన కళ్లజోడు, చేతిలో ఒక చీటీ. అగ్గిపెట్టె అంత కార్డులు కావాలంది. చీటీ మీద రెండే ముక్కలు: కడుపు పోయిందా, మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్యండి. కింద నంబరు.

నేను డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్ని. మిగతా చదువంతా ప్రెస్సులో అచ్చయిన కరపత్రాలే. సంఘాలవి, సభలవి, ధర్నాలవి, మూఢనమ్మకాల మీదవి. ఒక్కోదానికీ మూడుసార్లు ప్రూఫు చూడాలి కనుక అన్నీ నోటికి వచ్చేవి. లోకం ఇలా ఎందుకు తగలబడిందో ఇరవై రెండేళ్లకే నాకు పూర్తిగా తెలుసు. అలాంటిదాన్ని ఆ చీటీ చూసి ఎలా ఊరుకుంటాను?

"గిట్ల చప్పగ ఉంటె ఎవలు చూస్తరమ్మా? పైన పెద్ద అక్షరాలల్ల 'మహిళలారా, మౌనం వీడండి' అని పెడుదాం" అన్నాను.

"మౌనం వాళ్లది. ఇడువుమని చెప్పుటానికి నేనెవ్వతిని?" అంది.

"పోనీ, చివర ఆశ్చర్యార్థకమన్న పెట్టనియ్యుండ్రి."

"గదేంది?"

కంప్యూటర్ మీద చూపించాను. కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని చూసింది.

"గా కట్టె వద్దు బిడ్డా. కొట్టవస్తున్నట్టున్నది."

మా ప్రెస్ అన్న పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అంత చిన్న కార్డు ఎందుకని అడిగితే, "జాకెట్ల పెట్టుకుంటె ఇంట్లోళ్లకు కనబడొద్దు" అంది. ఆ జవాబు నన్ను రెండు రోజులు వదల్లేదు. ఆదివారం కార్డులు నేనే పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

వెళ్లేసరికి ఆమె వరండాలో ప్లాస్టిక్ కుర్చీని గోడవైపు తిప్పుకుని, వీధికి వీపు పెట్టి ఫోను చెవికి ఆనించుకుని కూర్చుని ఉంది. అరగంట. మధ్యలో "ఊఁ" తప్ప మాట లేదు. తర్వాత అడిగితే, "ఎదురుంగ ఏమన్న కనబడితె చెవులు అటే పోతయి" అంది. ఈ పని నేనూ చేస్తానన్నాను. ఎగాదిగా చూసి, "నోరు మూసుకొని గంట కూసుంటవా?" అంది. కూర్చుంటానన్నాను. "చూద్దాం" అని చాయ్ పెట్టడానికి లేచింది.

ఫోను చేసేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చేసేవాళ్లు. మా వైపు ఆడవాళ్లకు మాట్లాడే తీరిక అంటే చేతులు పనిలో ఉన్నప్పుడే. తలకూ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ మాట్లాడతారు. సిస్టరమ్మ మాటల కంటే ఆ కత్తెరను ఎక్కువ వినేది. "కత్తెర నడుస్తున్నదా, మాట్లాడనియ్యి. ఆగిందా, నువ్వు ఊపిరి గూడ మెల్లగ తీసుకో. అసలు మాట గప్పుడే చెప్తది" అని నాకు నేర్పింది.

ధైర్యంగా ఉండు అని ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. "ధైర్యం చెప్పేటోళ్లు ఇంటినిండ ఉంటరు. అందుకే మనకు ఫోన్ చేసింది" అనేది. మళ్లీ అవుతుందిలే అనే మాటైతే నోట రానిచ్చేది కాదు. "మల్ల అయ్యేది మల్ల అయ్యేటిదే. పోయింది వేరే బిడ్డ" అనేది. మనం ఎంత తేలిగ్గా అనేస్తామో గుర్తు తెచ్చుకోండి. ఇంకా పుట్టనే లేదు కదా అంటాం. మొహం చూడనే లేదు కదా అంటాం. పురుడు పోసుకోని ఇంటికి పరామర్శ ఏమిటని గడప తొక్కకుండా పోతాం. నేనూ అన్నాను, మా చిన్నమ్మ కూతురితో. ఈ రాత చదువుతుంటే తనకు నా మీద కోపం రావాలి, వస్తే న్యాయమే.

ఈ పని ఎందుకు మొదలుపెట్టిందో ఆమె ఒకేసారి చెప్పింది, చిక్కుడుకాయలు గిల్లుతూ.

"నౌకరిల చేరిన కొత్తల ఒకామెకు నెలలు నిండకముందే కాన్పయింది. బిడ్డ దక్కలే. ఆడనా మగనా సిస్టరమ్మా అని అడిగింది. ఎందుకమ్మా, మరిచిపో అన్న. మంచి మాటే చెప్పిన అనుకున్న. ఇరవై ఏండ్ల తర్వాత అంగట్ల కలిసింది. ఉల్లిగడ్డలు ఏరుతున్న. వచ్చి చెయ్యి పట్టుకొని, ఇప్పుడన్న చెప్పు సిస్టరమ్మా, ఆడనా మగనా అన్నది."

"ఏం చెప్పిన్రు?"

"ఏం చెప్త? నాకు యాదికి లేదు." కాసేపు గిల్లిన కాయల్నే మళ్లీ గిల్లింది. "ఆమె నిలబడే ఉన్నది. నాకు యాదికి లేకపాయె."

ఇక నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఆమెను తలుచుకుంటే అది దొంగ ఏడుపు అవుతుంది.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక గురువారం, ఆమె కంటి ఆపరేషన్‌కు వెళ్తూ ఫోను నాకు మళ్లించింది. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక అమ్మాయి చేసింది. నా ఈడుదే. అత్త అంగడికి పోయిందని, గురువారం ఈ వేళకైతేనే మాట్లాడగలనని ముందే చెప్పింది. ఏడో నెలలో కడుపులో కదలిక ఆగిపోయిందట. దవాఖానకు పోయే పొద్దు వరకు రోజుకు వెయ్యి బీడీలు చేసిందట. చెబుతూ చెబుతూ ఉండగా కత్తెర ఆగింది.

నేను ఊపిరి మెల్లగా తీసుకోవలసింది. కాని నా బల్ల మీద అప్పుడే బీడీ కార్మికుల ఆరోగ్యం మీద ఒక కరపత్రం ప్రూఫు ఉంది. తంబాకు దుమ్ము గర్భిణులకూ కడుపులోని బిడ్డకూ హాని అనే పేరా అందులో ఉంది. నాకు కోపం తన్నుకొచ్చింది, కంపెనీల మీద, పట్టించుకోని ఆఫీసర్ల మీద. ఆ పేరా ఆమెకు గట్టిగా చదివి వినిపించాను.

"అంటే నా చేతులతోటేనా అక్కా?" అంది.

అప్పుడైనా ఆగానా? యజమానుల దోపిడీ గురించి చెబుతూనే ఉన్నాను. ఎప్పుడు పెట్టేసిందో నాకు తెలియదు.

ఆదివారం ఎల్లారెడ్డి వెళ్లి, ఆ అమ్మాయి నంబరు ఆమెకు ఇచ్చి, ఇదంతా గొప్పగా చెప్పాను. కంటికి నల్లద్దాలు పెట్టుకుని వింటోంది. "ఆమె ఆఖరికి ఏమన్నదో, ఆమె మాటలల్లనే చెప్పు" అంది. చెప్పాను. అద్దాలు తీసేసింది.

"నువ్వు చదివింది అబద్ధం గాదు. గని ఎవలికి చదివినవ్? గా కాయిదం బీడీల కార్ఖానా గోడకు అంటియ్యి. ఆఫీసర్ల బల్ల మీద పెట్టు. పెండ్లి గాని పిల్లలకు చదివి చెప్పు. కడుపు పోయినామెకు చదివితె అది కాయిదం గాదు బిడ్డా, తీర్పు."

"అయితె నిజం దాచిపెట్టాల్నా?"

"ఏ నిజం? ఆమెకు ఎందుకైందో నాకు తెల్వది. చూసిన డాక్టర్‌కు తెల్వది. నీకెట్ల తెలిసె?"

జవాబు లేనప్పుడు నేను అరుస్తాను. మీలాంటివాళ్లు ఓదార్చి ఓదార్చే ఆడవాళ్లను మూగవాళ్లను చేశారని అరిచి, చెప్పులు వేసుకున్నాను. "బస్సుకు ఇంక టైమున్నది. చాయ్ తాగి కొట్లాడు" అంది వెనకనుంచి. ఆగలేదు.

రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో వారం ఆమే ప్రెస్సుకు వచ్చింది. నన్ను చూడనట్టే మా ప్రెస్ అన్నతో, "నాయినా, నీ దగ్గర ఒక పిల్ల ఉండె. మస్తు నోరు. ఏమన్న జాడ తెలుసా?" అంది.

"ఈడనే ఉన్నది సిస్టరమ్మా. నోరు మాత్రం ఏడనో పారేసుకున్నది, రెండు వారాలసంది దేవులాడుతున్నం" అన్నాడు అన్న.

నేను నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను. ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "గా పిల్లకు రెండు గురువారాల సంది ఫోన్ చేస్తున్న. ఎత్తుతది, మాట్లాడది. నువ్వొచ్చి పక్కన కూసో. తప్పు ఒప్పుకొమ్మంటలేను. ఉత్తగ కూసో."

అన్నను అడిగి గురువారాల పని ఆదివారానికి మార్చుకున్నాను. అట్లా మొదలయ్యాయి ఆ గురువారాలు. రెండు గంటలకు ఆమె నంబరు నొక్కేది. అవతల ఎత్తేవారు. ఫ్యాన్ చప్పుడు, ఎక్కడో కోడి, గిన్నెల చప్పుడు. కత్తెర మాత్రం లేదు. ఆ అమ్మాయి పని మానేసిందని నాకు అర్థమైంది.

"నేను సిస్టరమ్మను బిడ్డా. నీ చేతులల్ల తప్పు లేదు. నీకు మాట్లాడబుద్ధయితే మాట్లాడు, లేకుంటె నేను గిట్లనే కూసుంట" అనేది. పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట గోడవైపు తిరిగి కూర్చునేది. మధ్యలో ఏవో చిన్న సంగతులు చెప్పేది. వానపడ్డదని, చిక్కుడు తీగ పందిరెక్కిందని. ఒకసారి నా వైపు ఓరగా చూస్తూ, "గీ పిల్ల గూడ ఈడనే ఉన్నది, నోటికి కుట్లేసుకొని. చూస్తె నవ్వొస్తది నీకు" అంది. అవతల ఏమీ లేదు. "ఉంట మరి బిడ్డా" అని పెట్టేసేది.

వానాకాలం సగం అయ్యేసరికి నేను ఆగలేక అడిగాను. "ఒక్క మాటన్న మాట్లాడకపాయె. ఎన్నాళ్లు చేస్తరు?"

"ఎత్తుతున్నది గదా."

"ఎత్తితె ఏంది?"

"రెండు కాకముందే అత్తను అంగడికి తోలి, ఫోన్ దగ్గర పెట్టుకొని కూసుంటున్నది. మొదటి గంటకే ఎత్తుతది, చూసినవా? గది మాట గాదా?"

ఆ వానాకాలమే ఆమె నాతో ఒక కరపత్రం రాయించింది. తంబాకు దుమ్ము సంగతి, గర్భంతో ఉన్నవాళ్లకు పని తగ్గించాలని, కార్ఖానాలో అడగవలసిన హక్కులు, అన్నీ. నా ఆవేశమంతా ఉండనిచ్చింది. కట్టెలు కూడా రెండు ఉండనిచ్చింది. కింద ఒక్క వాక్యం తనే చెప్పింది: ఇప్పటికే బిడ్డను పోగొట్టుకున్న అక్కా, ఈ కాయితం నిన్ను తప్పు పట్టడానికి కాదు. నేను రాసిన వాటిలో చదవదగ్గ వాక్యం అదొక్కటే. అది నాది కాదు.

ఆఖరి గురువారం ఆమెకు దగ్గు. మాట మధ్యలో నాలుగుసార్లు ఆగింది. "ఏం లేదు బిడ్డా, వానకు తడిసిన" అని ఫోనులో చెప్పింది. నాలుగు రోజులకు నేను పెండ్లి పత్రికలు మడతపెడుతున్నాను.

మట్టిలో పెట్టి వచ్చాక వాళ్ల తమ్ముడు ఆమె ఫోను నా చేతిలో పెట్టాడు. "నంబర్లున్నయిగని పేర్లు లేవమ్మా. ఎవలికి చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. చూశాను. ఆమె ఎవరినీ పేరుతో రాసుకోలేదు. 'మంగళవారం పదకొండు', 'శనివారం పొద్దున', 'అత్త లేనప్పుడు'. కిందికి జరుపుతూ పోతే 'గురువారం రెండు' వచ్చింది.

ఆ గురువారం ఎల్లారెడ్డిలో ఆమె వరండాలోనే కూర్చుని, ఆమె ఫోనులోంచే చేశాను. మొదటి గంటకే ఎత్తారు. ఫ్యాన్ చప్పుడు. ఆమె నాకు నేర్పినవేవీ ఆ నిమిషానికి పనికి రాలేదు. "చెల్లె..." అన్నాను.

అవతలనుంచి వెంటనే, "సిస్టరమ్మ ఏది?"

నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. దాని కోసం అన్ని మధ్యాహ్నాలు గోడను చూస్తూ కూర్చున్న సిస్టరమ్మ మాత్రం దాన్ని వినలేదు.

"సోమవారం పోయింది చెల్లె. నిద్రల్నే."

నేను ఫోను పెట్టలేదు. ఆమె పెట్టలేదు.

"పోయిన వారం దగ్గింది" అంది చివరికి. "మందులేసుకో సిస్టరమ్మా అందామనుకున్న. నోటిదాక వచ్చింది. అనలే."

ఆమె ఏడుస్తుంటే నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. ఏడుపు కాస్త తగ్గాక, "నేనెవలో తెలుసా? ఆ కాయిదం చదివింది నేనే" అన్నాను.

"తెలుసు. గొంతు మరుస్తనా?" కోపం లేదు, ప్రేమా లేదు. "కత్తెర మల్ల పట్టలే. మక్క చేన్లకు కూలికి పోతున్న. నీ తప్పు లేదు నీ తప్పు లేదు అని ఆమె వారం వారం చెప్పె. నమ్మబుద్ధి కాలే. ఇంకో వారం చెప్తే నమ్ముదునేమో అనుకుంట వింటుంటి."

నేను క్షమించమన్నాను. దానికి ఆమె ఏమీ అనలేదు. నాకది సరిగ్గానే అనిపించింది. తర్వాత ఆమె అడిగింది. "ఎట్లుండె అక్కా సిస్టరమ్మ? పొడుగా?"

పొడుగు కాదని చెప్పాను. నా భుజందాకా వస్తుందని, చామనఛాయ అని, నవ్వితే పై పన్ను ఒకటి పక్కకు కనిపిస్తుందని, ఎడమకాలు కొంచెం ఈడుస్తుందని. చెబుతుంటే సిస్టరమ్మ ఇంకా లోపల చాయ్ పెడుతున్నట్టే అనిపించి నేనే ఆగవలసి వచ్చింది.

"నేను మస్తు పొడుగుంటదనుకున్న" అంది. కాసేపటికి, "ఏడ పెట్టిన్రు? నన్ను తీస్కపోతవా?" అంది.

తర్వాతి గురువారం కామారెడ్డి బస్టాండులో కలుసుకున్నాం. ఇంట్లో దవాఖానకని చెప్పి వచ్చిందట. సన్నటి మనిషి, అరచేతుల నిండా మొక్కజొన్న ఆకు గీరుకున్న గీతలు. ఎల్లారెడ్డి దాకా పక్కపక్కనే కూర్చున్నాం. తన పేరూ ఊరూ లేకుండా ఇది రాయమని, సిస్టరమ్మను గురించి నలుగురికీ తెలియాలని తర్వాత ఆమే చెప్పింది. అందుకే రాస్తున్నాను.

సమాధుల తోటలో సిస్టరమ్మ మీద ఇంకా బండ పడలేదు. మట్టి కుప్ప, చెక్క శిలువ, వాడిపోయిన చామంతులు. ఆ అమ్మాయి చెప్పులు దూరంగా విడిచి వచ్చి, పక్కన కూర్చుంది. కొంగు సర్దుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంచెంసేపు చూసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఆమె గొంతు సవరించుకుంది.

"హలో" అంది, మట్టితో. "సిస్టరమ్మా... నేను. మాట్లాడుతున్న."

ఆ తర్వాతవి నేను వినవలసిన మాటలు కావు. లేచి గేటు దాకా నడిచి రోడ్డువైపు తిరిగి నిలబడ్డాను. కామారెడ్డి బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఎండ కాస్త జరిగాక ఇంకొకటి వచ్చి, నేను ఎక్కుతానేమోనని ఆగి, వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె ముందుకు వంగి, తల ఊపుతూ, ఇంకా చెబుతూనే ఉంది.